రెసిడెన్సీ బజారు: మూసీ ఒడ్డున మరో చట్టం

హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న కోఠి, సుల్తాన్ బజారు ప్రాంతాన్ని 1933 దాకా రెసిడెన్సీ బజారు అనేవారు. ఊరు నిజాముది. ఊళ్లోని ఈ కాసిని వీధులు మాత్రం బ్రిటిష్ రెసిడెంటు ఏలుబడిలో ఉండేవి. వీధి ఇటువైపు నేరం చేసినవాణ్ని ఒక కోర్టు విచారిస్తే, అటువైపు చేసినవాణ్ని ఇంకో కోర్టు విచారించేది. చెల్లే రూపాయి వేరు, ఉత్తరం వేసే తపాలా డబ్బా వేరు. ఇవాళ పెళ్లిబట్టలకూ పాత పుస్తకాలకూ వచ్చే జనంతో కిక్కిరిసే ఆ గల్లీల్లో నడిచేవారికి ఒకప్పుడు అక్కడొక సరిహద్దు ఉండేదన్న సంగతి తట్టదు. ఆ సరిహద్దు తెలియకుండా మాత్రం ఆ పేట చరిత్ర అర్థం కాదు.

ఇలాంటి పేటలు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. వాటిలో పేరుమోసినవి చైనావి. నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా 1842లో నాన్‌కింగ్ సంధి మీద సంతకం చేసింది. ఆ తర్వాత షాంఘైలో బ్రిటిష్, అమెరికన్, ఫ్రెంచి పేటలు వెలిశాయి. గ్వాంగ్‌ఝౌలో నదిని పూడ్చి షామియన్ అనే దీవి కట్టి, దాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి. ఆ పేటల్లో చైనా చక్రవర్తి చట్టం చెల్లేది కాదు. 1943లో బ్రిటన్, అమెరికా ఆ హక్కులు వదులుకున్నాయి. అప్పటి రాతి మేడలు నేటి చైనా నగరాల ఆకాశహర్మ్యాల మధ్య ఇంకా నిలబడి ఉన్నాయి. తెలుగు నేల మీద వాటికి అన్నిటికన్నా దగ్గరి పోలిక రెసిడెన్సీ బజారు. మచిలీపట్నం, భీమునిపట్నం, యానాం యూరోపియన్ల రేవులే అయినా, ఒక దేశీయ రాజు రాజధాని నగరంలోనే వేరే ఏలుబడి పాతుకుపోయిన తీరు అక్కడ కనబడదు.

పరదేశి వర్తకులు ఈ నేలకు రావడం కొత్త కాదు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో ఊరివాళ్లు కోటగడ్డ అని పిలిచే దిబ్బను నిజాం పురావస్తు శాఖ 1940 నుంచి 1942 దాకా తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. సీసం నాణేలు, రాగి నాణేలు, మట్టిబొమ్మలు, పూసలతోపాటు రోమ్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా అక్కడ దొరికింది. రెండువేల ఏళ్ల కింద రోము బంగారం కొండాపూర్ దాకా వచ్చింది కానీ దాని వెంట రోము చట్టం రాలేదు. వలస పేటకూ వర్తకుల ఊరికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. పరాయివాళ్లు ఇల్లు కట్టుకుని కాపురముంటే అది వలస పేట కాదు. వాళ్ల న్యాయం, వాళ్ల నాణెం, వాళ్ల పోలీసు ఆ ఇంటి ప్రహరీ దాటి వీధిలోకి వస్తే అవుతుంది.

హైదరాబాద్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ మొదటి రెసిడెంటు జాన్ హాలండ్ 1779లో వచ్చాడు. అప్పటికి రెసిడెంటంటే రాయబారి మాత్రమే. దర్బారులో కంపెనీతో పోటీపడే ఫ్రెంచివారు ఉన్నారు. జనరల్ రేమండ్ తయారుచేసిన పటాలాలు నిజాం అలీఖాన్‌కు అండగా ఉండేవి. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి కుదుర్చుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు దింపించారు. ఆ పని నడిపించినవాడు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. 1800 సంధితో కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి పోయాయి. వాటికి దత్తమండలం అనే పేరు వచ్చింది అందుకే. రాయబారి క్రమంగా పెత్తందారు అయ్యాడు, ఆ పెత్తనానికి తగిన ఇల్లు కావలసివచ్చింది.

మూసీ ఉత్తరపు ఒడ్డున తోటల మధ్య ఉన్న పాత బంగళాలో రెసిడెంట్లు ఉండేవారు. అక్కడే పెద్ద భవనం కట్టాలని రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ అనుకున్నాడు. స్థలం కోసం నిజాం ముందు పెద్ద నక్షా పరిస్తే ఆయన ఒప్పుకోలేదట. అదే నక్షాను చిన్న చీటీ అంత చేసి మళ్లీ తీసుకువెళితే వెంటనే ఒప్పుకున్నాడట. కంపెనీ అధికారి జాన్ మాల్కమ్ రాసిన ఈ ముచ్చట ఎంత నిజమో గానీ, నక్షా మీద చిన్నగా కనబడి నేల మీద పెద్దగా మారడమే ఆ తర్వాత నూరేళ్లు ఆ పేట చేసిన పని. భవనానికి రూపు గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. 1803లో మొదలైన పని కొన్నేళ్లు సాగింది. ఖర్చు నిజాం ఖజానాది. కట్టించిన కిర్క్‌పాట్రిక్ దాన్ని పూర్తిగా అనుభవించకుండానే 1805 అక్టోబరులో కలకత్తాలో చనిపోయాడు.

భవనం ఇప్పటికీ ఉంది. ముందు విశాలమైన రాతి మెట్లు, వాటికి చెరోవైపు ఒక సింహం. పైన ఆరు కొరింథియన్ స్తంభాల మండపం, దాని త్రికోణపు నుదుటి మీద కంపెనీ చిహ్నం. లోపల రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు, దాని వెనక రెండుగా చీలి పైకెక్కే మెట్లు. స్తంభాలూ చిహ్నమూ ఉన్న ముఖం ఉత్తరానికి ఉంది. మూసీ, దాని అవతలి చార్మినారు దక్షిణాన ఉన్నాయి. రాజుగారి ఊరికి రెసిడెన్సీ వీపు చూపిందని అనలేం, నది వైపు కూడా ఒక మండపం ఉంది కాబట్టి. అయినా అతిథి వచ్చే దారి, సలాము అందుకునే దారి ఉత్తరపుదే. ఆ దారినే సాగితే తర్వాత వెలిసిన సికింద్రాబాద్ కంటోన్మెంటు వస్తుంది.

ఆ ఆవరణలో వెతికి చూడవలసిన వస్తువు ఇంకొకటి ఉంది. భవనం వెనక తోటలో అదే భవనానికి చిన్న నమూనా, మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ దర్బారు కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమె ఘోషాలో ఉండేది. ఆమె కోసం జెనానా వైపు రంగమహల్ కట్టించాడు. భవనం ముందువైపుకు ఆమె రాకూడదు కాబట్టి, అది ఎలా ఉందో చూపడానికి ఈ నమూనా చేయించాడని చెప్పుకుంటారు. ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండు పంపేశారు. భర్త పోయాక ఖైరున్నీసా కలకత్తా వెళ్లింది. అక్కడ హెన్రీ రస్సెల్ అనే అధికారి ఆమెను చేరదీసి, తర్వాత మచిలీపట్నంలో వదిలేశాడు. అక్కడ కొన్నేళ్లుండి హైదరాబాద్ తిరిగివచ్చి 1813లో కన్నుమూసింది. అప్పుడు రెసిడెంటు ఆ రస్సెలే. రంగమహల్‌ను తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చేశారు. విలియం డాల్‌రింపుల్ 2002లో ప్రచురించిన పుస్తకంతో ఈ కథ లోకమంతా తెలిసింది. ఆ కథ చెప్పేవారు ప్రేమను చెప్పి, మచిలీపట్నం దగ్గర ఆగిపోతుంటారు. ఆమె జీవితంలో ఆ రేవులో గడిచిన ఒంటరి ఏళ్లు కూడా ఈ పేట చరిత్రలో భాగమే.

రెసిడెన్సీ గోడల బయట బజారు తనంతట తాను పెరిగింది. కొలువుకు సరుకు కావాలి, సిపాయిలకు దుకాణాలు కావాలి, అందరికీ అప్పు కావాలి. మద్రాసు వైపునుంచి దుబాసీలు, గుత్తేదారులు వచ్చారు. గుజరాతీ, మార్వాడీ సాహుకార్లు వచ్చారు. తెలుగు కోమట్లు, మహారాష్ట్ర వకీళ్లు, కాయస్థ గుమాస్తాలు చేరారు. కందస్వామి లేన్, గుజరాతీ గల్లీ, ట్రూప్ బజారు, బ్యాంక్ స్ట్రీట్ అనే పేర్లలో ఆ రాకపోకలన్నీ నిలిచి ఉన్నాయి. కిర్క్‌పాట్రిక్‌కు నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఆ పక్కనే హష్మత్‌గంజ్ ఉంది. సాహుకార్లు ఇక్కడ కొట్లు పెట్టడానికి ఒక గట్టి కారణం ఉంది. నిజాం సర్కారుకు అప్పిచ్చినవాడు వసూలు కాకపోతే సర్కారునే అడగాలి. రెసిడెంటు నీడలో ఉన్నవాడికి మాత్రం అడగడానికి ఇంకో తలుపు ఉంటుంది.

ఆ తలుపును అందరికన్నా బాగా వాడుకున్నవాడు విలియం పామర్. కంపెనీ జనరల్ పామర్‌కూ ఫైజ్ బక్ష్ అనే మొగలాయి వంశపు స్త్రీకీ పుట్టిన కొడుకు. నిజాం సైన్యంలో పనిచేసి, తర్వాత రెసిడెన్సీ పక్కనే పామర్ అండ్ కంపెనీ అనే బ్యాంకు పెట్టాడు. దేశీయ రాజులకు బ్రిటిష్ ప్రజలు అప్పులివ్వకూడదని 1797లో పార్లమెంటు చట్టం చేసింది. పామర్ కంపెనీకి మాత్రం గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ 1816లో ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చాడు. హేస్టింగ్స్ పెంచిన అమ్మాయిని పెళ్లాడిన సర్ విలియం రంబోల్డ్ ఆ కంపెనీలో భాగస్తుడు.

నిజాం తరఫున చక్రం తిప్పుతున్నది చందూలాల్. సైన్యం జీతాలకు ప్రతి నెలా సొమ్ము కావాలి, పన్ను వసూళ్లు మాత్రం పంటల వేళకే వస్తాయి. మధ్య ఖాళీని పామర్ నింపేవాడు. పామర్ ఇచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం బ్రిటిష్ అధికారుల కింద ఉన్న పటాలాల జీతాలకే పోయేది. అంటే నిజాం బ్రిటిష్‌వారి దగ్గర వడ్డీకి తెచ్చి బ్రిటిష్‌వారికే కట్టేవాడు. 1820లో ఈ అప్పులన్నీ ఒకటి చేస్తామని చెప్పి 60 లక్షల రూపాయల కొత్త అప్పు రాశారు. ఆ ఏడాదే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తవ్వితే అందులో 8 లక్షలు అసలు నిజాంకు ముట్టనేలేదని, భాగస్తులకు కానుకగా రాసుకున్నారని తేలింది. మెట్‌కాఫ్ కలకత్తాకు పోరుపెట్టి రాశాడు. హేస్టింగ్స్‌కు కోపం వచ్చింది గానీ లెక్క మాత్రం మారలేదు. 1824లో పామర్ కంపెనీ దివాళా తీసింది.

ఈ కథకు కోస్తా తెలుగువారితో నేరుగా లంకె ఉంది. ఉత్తర సర్కారులను తీసుకున్నందుకు కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కషు కట్టవలసి ఉండేది. పామర్ బాకీ తీర్చడానికి 1823లో ఆ ఏటేటి చెల్లింపును ఒక్కసారిగా మొత్తం కట్టి రద్దు చేశారు. నూటికి ఆరు వడ్డీ మీద లెక్కగడితే ఆ మొత్తం 1,16,66,666 రూపాయలు అయింది. అలా గోదావరి, కృష్ణా, గంజాం సీమల మీద నిజాంకు మిగిలిన చివరి హక్కు కోఠిలోని ఒక బ్యాంకు బాకీ కింద కరిగిపోయింది. అయినా అప్పు తీరలేదు, కొత్త అప్పులు పుట్టాయి. 1853లో సైన్యం ఖర్చుల కింద బీరారును కంపెనీకి అప్పగించవలసివచ్చింది. సైన్యమూ అప్పూ వడ్డీ ఒకదాన్నొకటి పోషించుకునే ఈ పద్ధతి కత్తి కన్నా నెమ్మదిగా పనిచేసింది, కత్తి కన్నా లోతుగా కోసింది.

1831లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ మీద వంతెన వచ్చింది. కట్టించిన ఇంజనీరు పేరుతో ఆలిఫెంట్ వంతెన అనేవారు. దాంతో పాత నగరానికీ రెసిడెన్సీకీ, అక్కణ్నుంచి సికింద్రాబాద్‌కూ రాకపోక పెరిగింది. నగరం నది దాటి ఉత్తరానికి సాగడం మొదలైంది ఈ బజారు చుట్టూనే.

1857 జులై 17 శుక్రవారం ఈ పేట చరిత్రలో ముఖ్యమైన రోజు. బుల్ధానా వైపు సైన్యంలోంచి తప్పించుకువచ్చిన జమేదారు చీదాఖాన్‌నూ అతని మనుషులనూ నిజాం దివాను సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. వాళ్లను విడిపించాలని మక్కా మసీదులో ప్రార్థనల తర్వాత జనం లేచారు. ముందు నిలిచినవారు మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్. సాయంత్రానికి సుమారు 500 మంది రోహిల్లాలు రెసిడెన్సీ గోడ దగ్గరికి వచ్చారు. గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ అనే సాహుకార్ల మేడలెక్కి తుపాకులు పేల్చారు. లోపల రెసిడెంటు కథ్‌బర్ట్ డేవిడ్‌సన్‌కు ముందే కబురందింది. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రాత్రంతా కాల్పులు జరిగాయి. తెల్లవారేసరికి దాడిచేసినవాళ్లు వెనక్కి తగ్గారు.

తుర్రేబాజ్‌ఖాన్‌ను పట్టుకుని ద్వీపాంతరవాస శిక్ష వేశారు. 1859 జనవరిలో అతను జైలునుంచి తప్పించుకున్నాడు. 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. కొద్దిరోజులకే ఇప్పటి మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర అతణ్ని చంపేశారు. శవాన్ని హైదరాబాద్ తెచ్చి రెసిడెన్సీ దగ్గర నలుగురూ చూసేలా గొలుసులతో వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు, అక్కడే చనిపోయాడు. కోఠి బస్టాపు దగ్గర తుర్రేబాజ్‌ఖాన్ స్మారక స్తంభం ఉంది. దాని ముందు రోజూ వేలమంది బస్సు కోసం నిలబడతారు. ఆ దాడి తర్వాత రెసిడెన్సీకి గోడలు బలపడ్డాయి, బురుజులు లేచాయి. బయట బజారు మీద కూడా రెసిడెంటు పట్టు బిగిసింది.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగానికి రెసిడెన్సీ బజార్లకు ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. మేజిస్ట్రేటు అధికారం అతనిదే. ఆ వీధుల్లో బ్రిటిష్ ఇండియా చట్టం నడిచేది. బ్రిటిష్ ఇండియా తపాలా ఉండేది. నాణెం విషయం మరీ స్పష్టం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, ఇక్కడ బ్రిటిష్ ఇండియా కల్దారు. వంద కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు. కూరగాయలు కొనేవాడికి ఈ లెక్క గంట గంటకూ అవసరం. రెండు నాణేల మధ్య కూర్చుని మారకం చేసే షరాబులు ఆ తేడా మీదే బతికేవారు. 1865 నాటి సుల్తాన్ బజారు గడియారస్తంభం ఆ రోజుల గుర్తు. అవతలి ఊళ్లో ఫర్మానాతో నడిచే పాలన, ఇవతల గడియారం చూసి తెరిచే కచేరీ.

ఈ చట్టపు సరిహద్దు హైదరాబాద్ పెద్దలను ఎలా ఇరుకున పెట్టేదో 1892 నాటి కరపత్రం కేసు చెబుతుంది. నిజాం ప్రభుత్వంలో హోం కార్యదర్శిగా ఉన్న మెహదీ హసన్ భార్య గురించి నింద వేస్తూ ఆ ఏప్రిల్‌లో ఒక కరపత్రం పంచారు. అచ్చువేయించినవాడని ఎస్.ఎం. మిత్రా అనే బెంగాలీ మీద హసన్ దావా వేశాడు. దావా నడిచింది నిజాం అదాలతులో కాదు, రెసిడెన్సీ కోర్టులో. నెలల తరబడి విచారణ జరిగింది. సాక్షుల వాంగ్మూలాలు పత్రికల్లోకి ఎక్కి ఊరంతా ఊగిపోయింది. 1893లో మిత్రా నిర్దోషిగా బయటపడ్డాడు. హసన్ ఉద్యోగం పోయింది. నిజాం సొంత అధికారి పరువు నిజాం ఊళ్లోనే, నిజాం చెయ్యి సాగని గదిలో తేలిపోయిందంటే ఆ రోజు ఏలికకు ఎంత బాధగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ గది మాత్రం తెలుగువారికి ఇంకో రకంగా ఉపయోగపడింది. హైదరాబాద్ రాజ్యంలో కొలువు భాష ఫార్సీ, తర్వాత ఉర్దూ. ప్రజల్లో సగం దాకా తెలుగువారే అయినా తెలుగుకు కచేరీలోనూ బడిలోనూ చోటు లేదు. 1901 సెప్టెంబరు 1న రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. దాని వెనక మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు. తెలుగు పుస్తకాలూ పత్రికలూ ఒకచోట చేర్చి ఎవరైనా వచ్చి చదువుకునేలా తెరిచిన గ్రంథాలయం తెలంగాణలో అదే మొదటిది. తర్వాత 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. 1906లో కొమర్రాజు, రావిచెట్టు రంగారావు హైదరాబాద్‌లోనే విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు వరసగా అచ్చువేసిన సంస్థ అది.

భాషానిలయం అక్కడ వెలియడానికి తక్షణ కారణం రంగారావు ఇల్లు అక్కడ ఉండడమే. అయినా ఆ వీధి ఏ చట్టం కింద ఉందో పెట్టినవారికి తెలియనిది కాదు. సభ జరుపుకోవాలన్నా పత్రిక తెప్పించుకోవాలన్నా అవతల కన్నా ఇక్కడ భయం తక్కువ. 1892లో ఆర్యసమాజం ఇదే బజారులో మొదలైంది. తర్వాతి రోజుల్లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో నిజాం ప్రభుత్వం బహిరంగసభలన్నిటికీ ముందస్తు అనుమతి కావాలంది. దాంతో రెసిడెన్సీ బజారు, సికింద్రాబాద్ లాంటి చోట్లకు విలువ ఇంకా పెరిగింది. ఇందులో బ్రిటిష్‌వారి ఉదారత ఏమీ లేదు. తమ అధికారానికి అడ్డురానంతవరకు నిజాం మీద విమర్శ వాళ్లకు నష్టం కాదు. తుర్రేబాజ్ శవం వేలాడిన వీధికి కొద్దిదూరంలోనే తెలుగు పుస్తకం నిర్భయంగా తెరుచుకుంది. ఈ రెండూ ఒకే చట్టపు రెండు ముఖాలు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని మరిస్తే ఆ కాలం అర్థం కాదు.

ఆ గ్రంథాలయంలో పుట్టిన పరిచయాలు బజారులో ఆగలేదు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కార సభలో మహర్షి కార్వే అధ్యక్షులు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే తెలుగువారు కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. భాషానిలయంతో ముడిపడిన మాడపాటి హనుమంతరావు ఆ ఉద్యమానికి వెన్నెముక అయ్యారు. జనసంఘం పెరిగి 1930 మార్చిలో తొలి ఆంధ్ర మహాసభ జరిపింది ఇప్పటి సంగారెడ్డి జిల్లా జోగిపేటలో. సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించారు. రెసిడెన్సీ చట్టం నీడలో మొలిచిన ఆలోచన నిజాం చట్టం కిందనే ఉన్న మంజీరా తీరపు పల్లెకు చేరడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. అక్కడ అనుమతులు తెచ్చుకుని, షరతులకు ఒప్పుకుని సభ జరపవలసివచ్చింది.

1933లో రెసిడెన్సీ బజార్లను బ్రిటిష్ ప్రభుత్వం నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించింది. సుల్తాన్ బజారు అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఆ ఏడాదే చాదర్‌ఘాట్ మునిసిపాలిటీని హైదరాబాద్‌లో కలిపారు. అలా పరిపాలనలో కూడా నదికి రెండువైపులా ఒకే ఊరు అయింది. భవనమూ దాని ఆవరణా మాత్రం రెసిడెంటు చేతిలోనే ఉన్నాయి. సికింద్రాబాద్ పౌర ప్రాంతం 1945 చివర్లో తిరిగివచ్చింది. 1947 ఆగస్టుతో రెసిడెంటు పదవే లేకుండా పోయింది. ఖాళీ అయిన భవనంలోకి 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మహిళా కళాశాల వచ్చింది. 1924లో మొదలై తిరుగుతూ వచ్చిన ఆ కళాశాలకు చివరికి దొరికిన సొంత చోటు అది. ఘోషాలోని భార్య ముందువైపుకు రాలేకపోయిన భవనం మెట్ల మీద డెబ్బై ఏళ్లుగా ఆడపిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయం అయింది. తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

వాడకంతోనూ వానలతోనూ భవనం బాగా దెబ్బతింది. దర్బారు హాలు కప్పు ఊడుతుండడంతో చాలాకాలం తాళం వేసి ఉంచారు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ చేయూతతో సాగిన మరమ్మతులు ముగిసి 2023 ఆరంభంలో దాన్ని మళ్లీ తెరిచారు. ఆవరణ మూలలో రెసిడెన్సీ శ్మశానం ఉంది. ఇక్కడ పనిచేసి చనిపోయిన అధికారుల, వారి పిల్లల సమాధులు అందులో ఉన్నాయి.

బయటి బజారుకు అంత శ్రద్ధ దొరకలేదు. పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి వైపునుంచి పాఠ్యపుస్తకాల కోసం కోఠికి వచ్చే పిల్లలు ఫుట్‌పాత్ మీది దొంతరలు చూస్తారు. తలెత్తితే దుకాణాల బోర్డుల పైన పాత మేడల కమానులు, చెక్క బాల్కనీలు, గచ్చు పూతలు అక్కడక్కడ కనిపిస్తాయి. ఏటేటా అవి తగ్గుతున్నాయి. మెట్రో మార్గం సుల్తాన్ బజారు, బడీ చౌడీ మీదుగా పోతుందని తెలిసినప్పుడు అక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి మార్గం అలాగే వచ్చింది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆ దారిలో సుల్తాన్ బజారు ఒక స్టేషన్. భవనానికి రక్షణ చట్టాలున్నాయి, దాతలున్నారు, చరిత్రకారులున్నారు. వీధికి అవేవీ లేవు. రెసిడెంటు ఉన్నది భవనంలోనే అయినా, రెండు నాణేలు మార్చుకుని, రెండు కోర్టుల మధ్య నడిచి, అప్పులిచ్చి, గ్రంథాలయం పెట్టి ఆ పేటను పేటగా చేసినవాళ్లు వీధిలోవాళ్లు. భాషానిలయం ఇప్పటికీ సుల్తాన్ బజారులోనే నడుస్తోంది. రోజూ దినపత్రికలు చదవడానికి వచ్చేవాళ్లున్నారు, పోటీపరీక్షలకు తయారయ్యే కుర్రవాళ్లున్నారు.